ప్రపంచానికి ఒకే సర్కారా, దేశాల సమాఖ్యా: కృష్ణా తీరం నుంచి ఒక పరిశీలన

2023 నవంబర్ 29 అర్ధరాత్రి దాటాక, తెలంగాణలో పోలింగ్ మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు వందల సంఖ్యలో నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వెళ్లారు. మొత్తం 26 గేట్లలో 13వ గేటు వరకు తమ ఆధీనంలోకి తెచ్చుకుని ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. అవతలి వైపు తెలంగాణ పోలీసులు నిలబడ్డారు. రెండు రాష్ట్రాల ఖాకీలు ఒకే డ్యామ్ మీద ఎదురెదురుగా నిలిచిన ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లకు టెన్షన్ పుట్టింది. కానీ రెండు రోజుల్లోనే కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఇరువైపుల అధికారులతో మాట్లాడారు. 28వ తేదీ నాటి పరిస్థితికి తిరిగి వెళ్లడానికి ఒప్పందం కుదిరింది. డ్యామ్ కాపలా సీఆర్పీఎఫ్ చేతికి పోయింది.

ఇదే తగాదా రెండు స్వతంత్ర దేశాల మధ్య వస్తే ఎలా ఉంటుందో ఊహించనక్కర్లేదు. సింధు జలాల ఒప్పందం 1960లో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో కుదిరింది. 1965, 1971 యుద్ధాలను, 1999 కార్గిల్‌ను తట్టుకుని నిలబడింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని నిలిపివేసింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అది సరైనదో కాదో తేల్చి, తేల్చిన మాటను రెండు దేశాల చేతా పాటింపజేయగల శక్తి భూమ్మీద ఎక్కడా లేదు. పంపకాల లెక్కలు రెండు చోట్లా ఉన్నాయి. కృష్ణాలో 2060 టీఎంసీల నికర జలాలను 1970లలో బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. సింధులోనూ ఏ నది ఎవరిదో ఒప్పందంలోనే రాసి ఉంది. సాగర్ దగ్గర పైనుంచి ఒకరు వచ్చి ఆపగలిగారు, సింధు దగ్గర ఆ పైవాడు లేడు.

మరి ప్రపంచానికంతటికీ అలాంటి పైవాడు ఒకడు ఉంటే మంచిదా? తత్వవేత్తలు మూడు వందల ఏళ్లకు పైగా దీని మీద వాదించుకుంటున్నారు. కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రజలు ఈ ప్రశ్నను పుస్తకాల్లో చదవకపోయినా, దాని చిన్న రూపంలో జీవించారు. మద్రాసు రాష్ట్రం నుంచి 1953లో విడిపోయారు, 1956లో తెలంగాణతో కలిశారు, 2014లో మళ్లీ విడిపోయారు. పైనున్న అధికారం ఏం చేయగలదో, ఏం చేయకూడదో చెప్పడానికి వాళ్ల అనుభవం పనికొస్తుంది.

ప్రపంచ ప్రభుత్వం కావాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. ఇంగ్లీషు తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో చెప్పినట్టు, అందరినీ అదుపులో పెట్టే ఒక అధికారం లేకపోతే మనుషులు ఒకరికొకరు భయపడుతూ ఎప్పుడూ పోరాటానికి సిద్ధంగా ఉంటారు. ఆ భయం నుంచి బయటపడటానికే తమ బలాన్ని ఒక ప్రభుత్వానికి అప్పగిస్తారు. దేశాలు కూడా ఒకదానికొకటి భయపడుతూ ఆయుధాలు పోగేసుకుంటున్నాయి కాబట్టి అవి కూడా అదే పని చేయాలి. విచిత్రమేమిటంటే హాబ్స్ తానే ఆ మాట అనలేదు. రాజులు ఎప్పుడూ కత్తి దూసుకుని నిలబడినా, ఆ నీడలో ప్రజల వృత్తులు, వ్యాపారాలు సాగుతూనే ఉంటాయి కాబట్టి, దేశాల మధ్య అరాచకం మనుషుల మధ్య అరాచకమంత ఘోరం కాదన్నాడు.

హిరోషిమా ఆ ఊరటను తుడిచిపెట్టింది. 1945 తర్వాత ఐన్‌స్టీన్ ప్రపంచ ప్రభుత్వం కోసం గట్టిగా వాదించాడు. బెర్ట్రాండ్ రస్సెల్ ఇంకా ముందుకు వెళ్లి, అణుబాంబు అమెరికా ఒక్కదాని దగ్గరే ఉన్న ఆ కొద్ది కాలంలోనే, ఆ ఆధిక్యంతో సోవియట్ యూనియన్‌ను ఒత్తిడి చేసైనా ఆ వ్యవస్థను నిర్మించాలని రాశాడు. యుద్ధాన్ని అంతగా ద్వేషించిన మనిషి శాంతి కోసం బెదిరింపు దాకా వెళ్లాల్సి రావడంలోనే ఈ వాదన బలహీనత బయటపడింది. మన దేశంలోనూ ఆ ఆశ ఉండేది. 1942 ఆగస్టు 8న బొంబాయిలో ఆమోదించిన క్విట్ ఇండియా తీర్మానం స్వతంత్ర దేశాలతో కూడిన ప్రపంచ సమాఖ్య ఏర్పడాలని కోరింది. తన స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాని దేశం, వచ్చాక అందులో కొంత ప్రపంచంతో పంచుకోవడానికి సిద్ధమని ప్రకటించడం చిన్న విషయం కాదు.

అవతలి వైపు వాదనకు, అంటే దేశాల సమాఖ్య చాలన్న వాదనకు, మూలపురుషుడు జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్. 1795లో, 71 ఏళ్ల వయసులో, శాశ్వత శాంతి గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ప్రధానమైన షరతులు మూడు. ప్రతి దేశంలోనూ చట్టబద్ధమైన ప్రాతినిధ్య పాలన ఉండాలి. అలాంటి స్వతంత్ర దేశాలు ఒక సమాఖ్యగా చేరాలి. పరాయి దేశం వెళ్లిన మనిషిని శత్రువుగా చూడకూడదు. రెండో షరతు దగ్గర కాంట్ చాలా జాగ్రత్తగా అడుగులు వేశాడు. తర్కం ప్రకారం చూస్తే దేశాలు కూడా మనుషుల్లాగే ఒక ఉమ్మడి చట్టానికి లోబడి ఒకే ప్రపంచ గణతంత్రంగా మారాలని ఒప్పుకున్నాడు. కానీ దేశాలు దాన్ని కోరుకోవడం లేదు కాబట్టి, దానికి బదులుగా యుద్ధాన్ని అడ్డుకునే ఒక సమాఖ్యతో సరిపెట్టుకోవాలన్నాడు. అదే పుస్తకంలో మరోచోట, పాలన పరిధి పెరిగేకొద్దీ చట్టం పట్టు సడలుతుందని, ఒకే రాజ్యం మిగతావాటిని మింగి పెరిగితే అది ఆత్మలేని నియంతృత్వంగా మారి చివరికి అరాచకంలో కూలుతుందని హెచ్చరించాడు.

ఈ రెండు మాటలూ పూర్తిగా కలవవు. మొదటిది చదివితే ప్రపంచ ప్రభుత్వం మంచిదే కానీ సాధ్యం కాదని అర్థమవుతుంది. రెండోది చదివితే సాధ్యమైనా వద్దని అర్థమవుతుంది. పదకొండేళ్ల ముందు, 1784లో రాసిన వ్యాసంలో కాంట్ దేశాల మీద ఉమ్మడి బలప్రయోగ శక్తి ఉండాలన్న వైపే మొగ్గాడు. ఆలోచన మారింది, మారిన గుర్తులు పుస్తకంలో మిగిలాయి. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1999లో దేశాల మధ్య న్యాయం గురించి రాసినప్పుడు రెండో కాంట్‌ను ఎంచుకుని, ప్రపంచ ప్రభుత్వం అయితే నియంతృత్వమవుతుంది, లేదంటే అంతర్యుద్ధాలతో చీలిపోయే బలహీన సామ్రాజ్యమవుతుందని తేల్చాడు. అంతర్జాతీయ సంబంధాల పండితుడు అలెగ్జాండర్ వెండ్ట్ 2003లో పూర్తిగా ఎదురు తిరిగి, ప్రపంచ రాజ్యం రాక తప్పదని వాదించాడు. గుర్తింపు కోసం దేశాలు చేసే పోరాటమే వాటిని చివరికి ఒక గొడుగు కిందికి తెస్తుందన్నది ఆ వాదన సారం.

కాంట్ దగ్గర ఇంకో కీలకమైన వాదన ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. చట్టం లేని చోట బతికే మనిషిని చట్టం కిందికి బలవంతంగానైనా తీసుకురావచ్చు. దేశాన్ని అలా తేకూడదు, ఎందుకంటే దాని లోపల ఇప్పటికే ఒక చట్టబద్ధ వ్యవస్థ ఉంది. బయటివాడు బలవంతం చేస్తే ఆ వ్యవస్థ ముందు కూలుతుంది. సాగర్ ఉదాహరణను ప్రపంచానికి నేరుగా అన్వయించేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్వతంత్ర దేశాలుగా ఉండి ఢిల్లీకి అధికారం అప్పగించలేదు. భారత సమాఖ్య రాష్ట్రాల మధ్య ఒప్పందం వల్ల పుట్టలేదని, అందుకే ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదని అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో స్పష్టంగా చెప్పారు. ఆ మాటకు రెండు నెలల ముందే, సెప్టెంబర్‌లో, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వెళ్లింది. నిజాం కోరుకున్న సార్వభౌమాధికారం కొద్ది రోజుల్లో ముగిసింది. ఆ సైనిక చర్య అవసరమైందేనని ఒప్పుకున్నా ఒక సంగతి మిగులుతుంది: సాగర్ మీద సీఆర్పీఎఫ్ రెండు రోజుల్లో నిలబడగలగడం వెనుక ఆ చరిత్ర ఉంది. ప్రపంచ ప్రభుత్వానికీ అలాంటి ఒక పోలీసు చర్య కావాలి. అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల మీద ఆ పని ఎవరు చేస్తారు? చేస్తే ఏం మిగులుతుంది?

2014 సంగతికి వస్తే విషయం ఇంకా క్లిష్టమవుతుంది. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే, హద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. విజయవాడ, గుంటూరు వీధుల్లో అప్పుడు వినిపించిన ఆవేదన నిజమైంది. తాము ఎన్నుకున్న శాసనసభ వద్దన్నదాన్ని పైనున్న పార్లమెంటు చేసేసిందన్న బాధ అది. ప్రపంచ ప్రభుత్వాన్ని వ్యతిరేకించేవారు సరిగ్గా ఈ బాధనే ప్రపంచ స్థాయిలో చూసి భయపడతారు.

కానీ అదే సంఘటనను వరంగల్ నుంచి చూడాలి. ఉమ్మడి శాసనసభలో 294 స్థానాలుంటే తెలంగాణవి 119. శాసనసభకు వీటో ఉండి ఉంటే ఎంత ఉద్యమం చేసినా, ఎన్ని ప్రాణాలు పోయినా, ఆ ప్రాంతం కోరిక ఎప్పటికీ నెరవేరేది కాదు. పై అధికారాన్ని అడ్డుకునే హక్కు కింది యూనిట్‌కు ఇస్తే అది ఆ యూనిట్ లోపలి మెజారిటీ చేతికి వెళ్తుంది. లోపలి మైనారిటీ గొంతు అక్కడే ఆగిపోతుంది. దేశాల సార్వభౌమాధికారాన్ని పవిత్రంగా చూసేవారు దీనికి జవాబు చెప్పాలి. 1994లో రువాండాలో వంద రోజుల్లో లక్షల మందిని చంపుతుంటే ఐక్యరాజ్యసమితి అక్కడున్న తన బలగాన్ని తగ్గించుకుంది. సమితి నిబంధనావళి రెండో అధికరణ ఏడో క్లాజు దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం వద్దంటుంది. తమ ప్రజలను రక్షించడంలో దేశాలు విఫలమైతే ప్రపంచం జోక్యం చేసుకోవాలన్న సూత్రాన్ని 2005లో అందరూ ఒప్పుకున్నారు. ఆచరణలో అది భద్రతా మండలిలో ఐదు వీటోల మధ్య ఇరుక్కుపోయింది. సమాఖ్య వాదానికి ఇది అతిపెద్ద మచ్చ, కాంట్‌ను ఇష్టపడేవారు దీన్ని దాచకూడదు.

ప్రాతినిధ్యం విషయంలో దక్షిణాదివారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1976లో 42వ సవరణ 1971 జనాభా లెక్కల దగ్గర ఆపింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సీట్ల వాటా తగ్గుతుందేమోనన్న ఆందోళన దాంతో ముడిపడి ఉంది. ఇప్పుడు వెయ్యి మంది సభ్యులున్న ప్రపంచ పార్లమెంటును ఊహించుకుందాం. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది కాబట్టి 80 లక్షలకు పైగా జనానికి ఒక సీటు వస్తుంది. భారతదేశానికి 175 దాకా, దాదాపు ఐదు కోట్ల జనాభా ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఆరు వస్తాయి. భూటాన్‌కు ఒక్కటి కూడా పూర్తిగా రాదు. దీనికి బదులు దేశానికి ఒక ఓటు అంటే, 193 దేశాల ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఇప్పుడున్నట్టే, పదకొండు వేల జనాభా ఉన్న తువాలు ఓటు, 140 కోట్ల భారతదేశం ఓటు సమానమవుతాయి. మధ్యేమార్గాలు లేకపోలేదు. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటుకు మూడో వంతు విలువ, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం ఒప్పుకోకుండా ఏదీ జరగదు, కేంద్రం ఒక్కటే ఏదీ చేయలేదు. లోపాలున్నా ఇది ఆలోచించదగ్గ నమూనా. కానీ అది పన్నుల లాంటి ఒక్క విషయానికి పరిమితం కాబట్టే సాధ్యమైంది.

ప్రభుత్వం లేకుండానే ప్రపంచ నియమాలు నడుస్తున్న చోట్లు కూడా ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డు నుంచి ఎగుమతికి వెళ్లే సరుకు కొనే దేశం పెట్టిన పురుగుమందుల అవశేషాల పరిమితి లోపు ఉండాలి. ఆ అంకె నిర్ణయించినవారికి పల్నాడు రైతు ఓటు వేయలేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్‌లో సుగంధ ద్రవ్యాల కమిటీకి భారతదేశమే ఆతిథ్యమిస్తోంది, దాని మొదటి సమావేశం 2014లో కొచ్చిలో జరిగింది. అక్కడ కూర్చుని మాట్లాడే హక్కు మన దేశానికి ఉండటం చిన్న లాభం కాదు. అయితే తగాదా వస్తే తీర్చాల్సిన ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో, 2019 డిసెంబర్ నుంచి పనిచేయడం లేదు. నియమాలున్నా పైకోర్టు లేని పరిస్థితి ఇది. పెద్ద దేశం ఒక్కటి మొండికేస్తే సమాఖ్య ఎంత తేలిగ్గా కుంటుబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ చర్చ ఎప్పుడూ పైకే చూస్తుంది, కింది నుంచి చూసినవారూ ఈ నేల మీద ఉన్నారు. ఎం.ఎన్.రాయ్ 1946లో ప్రతిపాదించిన నవ్య మానవవాద సూత్రాలు జాతి రాజ్యాల హద్దులు దాటిన స్వేచ్ఛా మానవుల సమాజాన్ని కోరాయి. ఆ భావాలు గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో బలంగా నాటుకున్నాయి. 1947లో విజయవాడకు మారిన నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా పార్టీలు లేని ప్రజాస్వామ్యం గురించి ప్రచారం చేశారు. గాంధీ 1946లో, పునాది మీద శిఖరం మోపిన గోపురంలా కాక, వ్యక్తి కేంద్రంగా విస్తరించే సముద్ర వలయాల్లా సమాజం ఉండాలన్నారు. వీరి దృష్టిలో సార్వభౌమాధికారం ఢిల్లీలో ఉన్నా న్యూయార్క్‌లో ఉన్నా ఒకటే, అసలు అది మనిషి దగ్గరే ఉండాలి. అందమైన ఆలోచనే. కానీ డ్యామ్ మీద ముళ్లకంచె తీయించేది ఎవరన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ఇన్ని వైపుల నుంచి చూశాక కాంట్ ఎంచుకున్న సమాఖ్యే సరైనదని చెప్పాలి, కానీ ఆయన చెప్పిన కారణంతో కాదు. దూరం పెరిగితే చట్టం సడలుతుందన్న మాటకు ఫోన్లు, ఉపగ్రహాల కాలంలో అంత బలం లేదు. నిజానికి ఈ రోజు భయం చట్టం సడలుతుందని కాదు, ఎక్కడున్నా పట్టుకుంటుందని. ప్రపంచ ప్రభుత్వానికి బయట అనేది ఉండదు. అది తప్పు చేస్తే పారిపోవడానికి సరిహద్దు ఉండదు.

1971 చూస్తే ఇది అర్థమవుతుంది. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం సాగించిన దమనకాండకు దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశంలోకి వచ్చారు. వాళ్లను కాపాడింది అవతల వేరే ప్రభుత్వం ఉండటం. డిసెంబర్‌లో యుద్ధం మొదలయ్యాక, 7వ తేదీన ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి పిలవాలని 104 ఓట్లతో తీర్మానించింది, వ్యతిరేకంగా వచ్చినవి 11. భద్రతా మండలిలో సోవియట్ వీటో ఉండబట్టి, సాధారణ సభ మాట ఆదేశం కాకుండా సలహాగానే ఉండబట్టి, భారత సైన్యం ఆగలేదు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మెజారిటీ ఓటుతో నడిచే ప్రపంచ ప్రభుత్వం ఆ రోజు ఉండి ఉంటే ఆ 104 ఓట్లు చట్టమయ్యేవి. రువాండాలో ప్రపంచం కదలకపోవడం ఎంత నిజమో, 1971లో ప్రపంచ మెజారిటీ పొరపాటు వైపు నిలబడటం కూడా అంతే నిజం. ఈ రెండిట్లో ఒకదాన్నే చెప్పి వాదన గెలవాలనుకునేవారిని నమ్మకూడదు.

అలాగని సమాఖ్య ఇప్పుడున్నట్టు ఉంటే సరిపోదు. ఎంపిక చేసిన కొన్ని విషయాల్లో, ముందే రాసిపెట్టుకున్న హద్దుల్లో, తీర్పుకు కట్టుబడే ఒప్పందాలు కావాలి. అవి పనిచేస్తాయనడానికి మనకే అనుభవముంది. అంతర్జాతీయ న్యాయస్థానం పరిధిని భారత్ 1974లో ఒప్పుకుంటూ, కామన్వెల్త్ దేశాలతో తగాదాలు అందులోకి రావని షరతు పెట్టింది. 1999లో పాకిస్తాన్ నౌకాదళ విమానం కూల్చివేత కేసును ఆ షరతు ఆధారంగానే కోర్టు మరుసటి ఏడాది పక్కన పెట్టింది. గూఢచారి అంటూ పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాధవ్ కోసం 2017లో భారతే అదే కోర్టు మెట్లెక్కింది. కాన్సులర్ సంబంధాల ఒప్పందానికి అనుబంధంగా రెండు దేశాలూ ముందే ఒప్పుకున్న ఒక చిన్న పత్రం వల్లే ఆ కేసు నిలబడింది. 2019లో పాకిస్తాన్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని, శిక్షను తిరిగి పరిశీలించాలని తీర్పు వచ్చింది. విడుదల రాలేదు. ఉరి ఆగింది.

నదుల విషయంలోనూ ఇలాంటి పత్రం కావాలి. సరిహద్దులు దాటే నదుల వినియోగం మీద ఐక్యరాజ్యసమితి 1997లో చేసిన ఒప్పందానికి చైనా వ్యతిరేకంగా ఓటేసింది, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఇప్పుడు చైనా టిబెట్‌లో బ్రహ్మపుత్ర ఎగువన భారీ డ్యామ్ కడుతోంది, దిగువన ఉన్నది మనం. తీస్తా విషయంలో ఎగువన ఉన్నది మనం, దిగువన బంగ్లాదేశ్. 2011లో తీస్తా ఒప్పందం సంతకాల దాకా వచ్చి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. బ్రహ్మపుత్ర మీద చైనాను తీర్పుకు కట్టుబడమని అడగాలంటే, తీస్తా మీద ఢాకాకు అదే మాట ఇవ్వడానికి ఢిల్లీ సిద్ధపడాలి, దానికి ముందు కోల్‌కతాను ఒప్పించాలి.